రాజమండ్రిలో రెండు రోజులు: మేనకోడలికి ఒక ఉత్తరం

అమలాపురం

చి.ల.సౌ. మేనకోడలికి మీ మామయ్య ఆశీస్సులు.

అల్లుడుగారినీ మీ అత్తగారినీ వెంటబెట్టుకుని ఒక శని, ఆదివారాలు రాజమండ్రి చూసి వెళ్లాలని ఉందనీ, ఉద్యోగరీత్యా చాలాకాలం ఆ ఊళ్లో ఉన్నవాణ్ణి కనుక ఏమేం చూడాలో రాయమనీ అడిగావు. ముందు ఏది మానుకోవాలో చెబుతాను. పాపికొండల ప్రయాణం ఈసారికి పెట్టుకోవద్దు. పొద్దున్నే రేవుకు చేరి, లాంచీలో వెళ్లి, తిరిగి ఊళ్లోకి వచ్చేసరికి రోజంతా దానికే సరిపోతుంది. అది విడిగా రావలసిన యాత్ర. అలాగే అన్నవరం, ద్రాక్షారామం, అంతర్వేది ఒకే ఊపున చుట్టేద్దామని కారు మాట్లాడుకునేవారు గుడిలో కన్నా రోడ్డు మీదే ఎక్కువసేపు గడుపుతారు. మీకు గోదావరి గట్టు, ధవళేశ్వరం ఆనకట్ట, ఆత్రేయపురం కాలువ దారి చాలు. శనివారం ఊరు, ఆదివారం లంకల (గోదావరి పాయల మధ్య దీవుల) వైపు. ఈ వరస మాత్రం తిరగవేయవద్దు.

వచ్చే కాలం గురించి ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో రాజమండ్రి ఎండ మీ అత్తగారు తట్టుకోలేరు. వానాకాలంలో ఎర్రనీటి గోదావరి చూడదగినదే కాని, వరద హెచ్చినప్పుడు రేవుల్లోకి దిగనివ్వరు. కార్తికంలో స్నానాల రద్దీ, సంక్రాంతికి రైల్లో బెర్తూ దొరకదు, లాడ్జిలో గదీ దొరకదు. పండుగ వెళ్లిన తరువాత మాఘమాసంలో ఏదో ఒక వారం చూసుకోండి. 2027లో పుష్కరాలు వస్తాయి కనుక ఆ పన్నెండు రోజులు మాత్రం పుణ్యం కోసమే తప్ప ఊరు చూడటానికి రావద్దు.

హైదరాబాదు నుంచి రాత్రి రైలెక్కితే, కొవ్వూరు దాటే వేళకు అందరినీ నిద్ర లేపి కిటికీ దగ్గర కూర్చోబెట్టు. పక్కన కనబడే పాత వంతెన హేవ్‌లాక్ వంతెన. దాని మీద రైళ్లు 1997లో ఆగిపోయాయి. 1974 నాటి రోడ్డు-రైలు వంతెన మీద కింద రైలు, పైన వాహనాలు నడుస్తాయి. విల్లుల్లాంటి కమానులు ఉన్నది తరువాత కట్టినది. బస ఎక్కడైనా పరవాలేదు కాని, గోదావరి గట్టుకు నడిచి వెళ్లగలిగేంత దూరంలో చూసుకుంటే ఆటోల బేరం తప్పుతుంది.

స్నానానికి కోటిలింగాల రేవు కాని, పుష్కరాల రేవు కాని వెళ్లండి. మెట్ల మీద పాచి ఉంటుంది. మీ అత్తగారిని పై మెట్ల మీదే కూర్చోబెట్టి చెంబుతో నీళ్లు పోయడం మంచిది. ఆ పక్కనే మార్కండేయస్వామి గుడి ఉంది. ఎండ ముదిరాక చిత్రకారుడు దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లండి. ఊరికి వచ్చేవారిలో చాలామంది దీన్ని వదిలేస్తారు, నాకది ఎప్పుడూ కష్టంగా ఉంటుంది. ఇక్కడి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న కూల్డ్రే దొర పిల్లవాడైన రామారావు చేతిలోని పని గుర్తించి ప్రోత్సహించారు. 1925లో పోయేనాటికి రామారావుకు ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ వయసులో అన్ని బొమ్మలు ఎలా వేశాడో ఒక్కొక్కదాని ముందు నిలబడి చూస్తే కాని అర్థం కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు కూడా చూడండి. 1881 డిసెంబరులో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే. మ్యూజియాలకు సెలవు రోజులుంటాయి కాబట్టి ముందే కనుక్కోండి. మధ్యలో మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్క్ తాగండి. పాలు చిక్కగా కాచి చల్లార్చినది కనుక ఒక గ్లాసుతోనే కడుపు నిండుతుంది, భోజనానికి ముందు వద్దు. సాయంత్రం పుష్కరాల రేవులో గోదావరి హారతికి చోటు కావాలంటే కాస్త ముందే చేరుకోవాలి.

ఇక ఆదివారం. శనివారం లంకల వైపు ఎందుకు వెళ్లవద్దంటున్నానంటే, వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకున్న భక్తులతో ఆ దారి కిక్కిరిసిపోతుంది. ఆత్రేయపురం దాటడానికే పూట పడుతుంది. ఆదివారం పొద్దున్నే ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూసి, ఆనకట్ట మీదుగా బయలుదేరండి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టించి 1852కు పూర్తి చేయించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది తరువాత కట్టిన బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, మధ్య మధ్య లంకలతో ఉంటుంది. ఎగువన నీరు నిండుగా, దిగువన ఇసుక తిన్నెలుగా ఉన్న తేడా చూస్తే, మా కోనసీమ పొలాలకు నీరు ఎలా అందుతోందో అల్లుడుగారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

బొబ్బర్లంక దగ్గర కాలువ గట్టు పట్టుకుని లొల్ల లాకుల (కాలువ నీటిని ఆపి వదిలే తలుపుల) దాకా వెళ్లి, కాసేపు దిగండి. తరువాత ఆత్రేయపురం. పూతరేకులు కొట్లో కొనడంతో సరిపెట్టకుండా, రేకు తీసే ఇంటికి వెళ్లి అడిగి చూడండి. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క ఈడ్పు ఈడుస్తారు. ఆ పొర ఆరిపోయి అంచు లేవగానే చేత్తో తీసి పక్కన పేరుస్తారు. చుట్టే ముందు తడిబట్టతో అద్ది మెత్తబరచకపోతే రేకు పెళుసుగా విరిగిపోతుంది. చక్కెర కన్నా బెల్లం, జీడిపప్పు వేసినవి నాకిష్టం. నెయ్యి వాసన చూసి మరీ కొనండి. వచ్చే దారిలో ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి గుడి ఉంది. ముందు విష్ణువు, వెనుక మోహిని ఒకే రాతిలో ఉంటారు.

కడియం నర్సరీలకు పొద్దువాలే ముందు గంట చాలు, మొక్కలు కొంటే మాత్రం రైల్లో మోసే సంగతి ముందే ఆలోచించుకోండి. పులస అని ఎవరైనా మాఘంలో వడ్డించబోతే తినవద్దు; అది వరద రోజుల్లో ఎదురీది వచ్చే చేప. అంత మోజుగా ఉంటే శ్రావణంలో మా ఇంటికే రండి, మీ అత్తయ్య బెండకాయలు వేసి పులుసు పెట్టి, మర్నాటికి ఉంచి వడ్డిస్తుంది.

తిరుగు రైలు ఆదివారం రాత్రిది తీసుకోండి. పూతరేకుల పెట్టె సామాన్ల కింద కాకుండా పైన పెట్టమని అల్లుడుగారికి చెప్పు.

ఆశీస్సులతో,
మీ మామయ్య