పట్టా నాన్న పేరున, సాగు మీ చేతుల్లో: సాయం ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలం. నాన్నగారు 2021లో పోయారు. ఆయన పేరున ఉన్న రెండున్నర ఎకరాల్లో జీడిమామిడి, కొంత వరి నేనే చేస్తున్నాను. అమ్మ నా దగ్గరే ఉంటుంది. పెళ్లయిన చెల్లెలితో పొలం విషయంలో మాటల్లేవు. పెట్టుబడి సాయం, డ్రిప్పు, నీటికుంట, ప్రకృతి సేద్యం వంటివి మా దగ్గర ఎవరిని అడగాలో తెలియదు. ఎక్కడికి వెళ్లినా ‘మీ పేరు లేదు’ అంటున్నారు. నాన్న పోయాక కొన్నాళ్లు ఆయన ఖాతాలో పీఎం కిసాన్ డబ్బు పడింది, వాడుకున్నాం, తరువాత ఆగిపోయింది. చెల్లెలి పేరు లేకుండా కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఇప్పిస్తానని ఒకరు అంటున్నారు. రైతుకు ఇదేనా న్యాయం?

జవాబు: మీ సమస్య పథకాలు దొరకకపోవడం కాదు. 1-బి రికార్డులో (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రెవెన్యూ పత్రంలో) ఇప్పటికీ మీ తండ్రిగారే పట్టాదారు. మిగతాదంతా దాని తరువాతే.

వారసత్వంగా భూమి వస్తే 90 రోజుల్లో తహసీల్దారుకు తెలపాలని 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం చెబుతోంది. ఇన్నేళ్లు మీరు ఆ ఒక్క దరఖాస్తు పెట్టలేదు. ఇది అశ్రద్ధే. గడువు దాటినంత మాత్రాన మీ వారసత్వం పోదు, కానీ ఆలస్యానికి మూల్యం మీరే చెల్లిస్తున్నారు. ‘కౌలుకార్డు తీసుకుంటాను’ అని కూడా అనుకోకండి. పదకొండు నెలల ఆ పత్రానికి భూయజమాని అంగీకారం కావాలి. చనిపోయిన మనిషి అంగీకారం ఎలా ఇస్తాడు?

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. తండ్రిగారు పోయాక పడిన పీఎం కిసాన్ వాయిదాలు మీవి కావు. మ్యుటేషన్‌కు (రికార్డులో పేరు మార్పుకు) మీరు జతచేసే మరణ ధ్రువపత్రమే ఆ సంగతి బయటపెడుతుంది. నోటీసు వచ్చేదాకా ఆగకుండా బ్యాంకు స్టేట్‌మెంటు తీసి, మరణించిన తేదీ తరువాతి మొత్తాన్ని లెక్కగట్టి పీఎం కిసాన్ పోర్టల్‌లోని రీఫండ్ మార్గంలో తిరిగి కట్టండి. రసీదు దాచుకోండి.

చెల్లెలిని దాచే ధ్రువపత్రం జోలికి వెళ్లవద్దు. హిందూ వారసత్వ చట్టం కింద మీరు, అమ్మగారు, చెల్లెలు ముగ్గురూ మొదటి తరగతి వారసులు. సహవారసురాలి వాటాకు మీ సాగు ఎన్నేళ్లయినా అడ్డు రాదు. ఆమె హక్కును ఆమెకు తెలిసేలా కాదన్న నాటినుంచే, ఆమె వాటా అడగడానికి ఉన్న పన్నెండేళ్ల గడువు లెక్క మొదలవుతుంది. చాటుగా తెచ్చిన కాగితంతో ఆ లెక్క మొదలే కాదు, పైగా తప్పుడు సమాచారం ఇచ్చారన్న క్రిమినల్ కేసుకు మీరే ఆధారం సమకూర్చినట్టవుతుంది. ‘నాన్న బతికుండగానే నాకు అమ్మాడు’ అంటూ పాత తేదీతో కాగితం పుట్టించే ఆలోచన ఎవరైనా చెప్పినా వినకండి. అది ఫోర్జరీ. పైగా దానివల్ల లాభం కూడా లేదు. పీఎం కిసాన్ మార్గదర్శకాలు భూయాజమాన్యానికి 2019 ఫిబ్రవరి 1ని హద్దుగా పెట్టి, ఆ తరువాతి యాజమాన్య మార్పుల్లో యజమాని మరణంతో వచ్చిన వారసత్వానికే మినహాయింపు ఇచ్చాయి. మీ అర్హత నిలబడేది నిజం చెప్పినప్పుడే.

చెల్లెలితో మాట్లాడండి. ఆమె వాటా వదులుకోదలిస్తే రిజిస్టర్డ్ హక్కు విడుదల దస్తావేజు కావాలి, తెల్లకాగితం మీద సంతకం పనికిరాదు. వదులుకోకపోతే వాటాలు పంచుకునే భాగపరిష్కార దస్తావేజు రాసుకోండి. దానికీ ఒప్పుకోకపోతే కోర్టులో భాగపంపకాల దావా తప్పదు. ముగ్గురి పేర్లతో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని గ్రామ సచివాలయంలో మ్యుటేషన్‌కు పెట్టండి. ఈలోగా ప్రతి సీజన్‌లో ఈ-పంట నమోదు చేయించి రసీదు భద్రపరచండి. అది సాగుకు సాక్ష్యమే తప్ప హక్కుపత్రం కాదు, అయినా రేపు అక్కరకొస్తుంది.

పేరు ఎక్కాక పెట్టుబడి సాయానికీ డ్రిప్పు రాయితీకీ రైతు సేవా కేంద్రంలోని సహాయకుడిని, నీటికుంటకు మండల ఉపాధి హామీ కార్యాలయాన్ని అడగండి. ప్రకృతి సేద్యం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ ఆ పనిని ప్రధానంగా మహిళా సంఘాల ద్వారా నడుపుతోంది. అమ్మగారు సంఘంలో ఉంటే ఘనజీవామృతం (పేడ, గోమూత్రంతో చేసే ఎరువు) తయారీ, నవధాన్యాలు చల్లడం నేర్చుకోవడానికి పాసుపుస్తకం అవసరం లేదు.

మ్యుటేషన్ కాదంటే ఆ ఉత్తర్వు రాతపూర్వకంగా తీసుకోండి. అది అందిన నాటినుంచి 60 రోజుల్లో భీమునిపట్నం ఆర్డీవోకు అప్పీలు వేయాలి. నోటిమాట మీద అప్పీలు ఉండదు. కాగితం ఇవ్వకపోతే దరఖాస్తు నంబరుతో సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సిందే.