నోటీసులు స్క్రీన్ రీడర్‌కు ఎందుకు అందవంటే

అన్నా, చిత్తూరు దగ్గర మీరు చూసుకునే మున్సిపల్ సైట్‌లో ఆస్తిపన్ను నోటీసులను స్క్రీన్ రీడర్ (చూపులేనివాళ్లకు తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదవడం లేదన్నారు కదా, తప్పు రీడర్‌ది కాదు. స్కాన్ చేసిన పీడీఎఫ్ దానికి ఉత్త బొమ్మ. ‘అను’ అనే పాతరకం తెలుగు ఫాంట్లలో టైప్ చేసినదైతే ఇంకా కష్టం: కంటికి తెలుగే, లోపల ఉన్నవి వేరే గుర్తులు. అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిచూసుకుని, మామూలు వెబ్ పేజీగానే పెట్టండి. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో చెప్పండి. ఫారంలో ప్రతి గడికీ లేబుల్ ఉండాలి. బొమ్మలోని అక్షరాలు చూసి టైప్ చేయమనే క్యాప్చా మాత్రం తీసేయండి. చూపులేని మనిషి తన పన్ను తాను కట్టుకోవడానికి ఇంకొకరిని బతిమాలాల్సి రావడం చాలా అన్యాయం. పైవాళ్లు ఎందుకని అడిగితే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చూపించండి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. దాన్ని పెట్టుకుని, మౌస్ ముట్టకుండా, ట్యాబ్ కీతోనే చివరిదాకా వెళ్లి చూడండి.