పడవ ఎక్కేముందు పోటు వేళ అడగండి

ప్రశ్న: ఈ సెలవులకి మడ అడవుల దీవుల్లో పడవ షికారు పెట్టుకున్నాం. మా మామగారికి డెబ్బై దాటాయి, పిల్లలు చిన్నవాళ్లు. సూర్యాస్తమయం ట్రిప్పే బాగుంటుందని అందరూ అంటున్నారు. నిజంగా జంతువులు, పక్షులు కనిపిస్తాయా, లేక ఎర్రటి ఆకాశం చూసి తిరిగి రావడమేనా? – ఒక పాఠకురాలు

జవాబు: కనిపిస్తాయమ్మా. అయితే అది సూర్యుడి కన్నా నీటి మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. పొద్దు ఎన్నింటికి గుంకుతుందో చూసుకుని అందరూ టికెట్లు తీసుకుంటారు గానీ, ఆ వేళకి పోటా (సముద్రపు నీరు ఎక్కడం), పాటా (నీరు తీయడం) అని అడిగేవాళ్లు తక్కువ. నిండు పోటులో వెళ్తే వేళ్లూ బురదా మునిగిపోయి, రెండు పక్కలా పచ్చటి గోడ తప్ప ఏమీ ఉండదు. నీరు తీస్తున్నప్పుడే ఆ అడవి బతుకంతా బయటపడుతుంది. ఒక్క డెక్క మాత్రం పెద్దగా ఉండే మగ పీతలు దాన్ని ఎత్తి ఊపుతుంటాయి, బురద మీద చేపలు గెంతుతుంటాయి, వాటి కోసం కొంగలు కాచుకుని ఉంటాయి. మరీ తీసేస్తే సన్న పాయల్లోకి పడవ పోదు. సగం తీసిన నీరు నాకిష్టం.

తేదీ ఎంచుకోవడం కష్టమేం కాదు. చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. మర్నాటి పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. కాబట్టి ఈ శనివారం సాయంత్రం నిండు పోటైతే, వచ్చే శనివారం అదే వేళకి దాదాపు పాటు.

మామగారి కోసం ఒక్క మాట. నీరు తీసినప్పుడు పడవ రేవు మెట్టు కన్నా బాగా కిందికి దిగిపోతుంది. నీటితోపాటు లేచి దిగే తేలే రేవు ఉందో లేదో ముందే కనుక్కోండి. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా అనీ అడగండి. మొసళ్లున్న చోట చేతులు నీళ్లలో పెట్టనివ్వొద్దు. దోమలకి నిండు చేతుల చొక్కాలు తప్పనిసరి.

వెలుతురు ఉండగానే పిల్లలకి తెల్లమడ ఆకు చూపించండి. ఆకు మీద సన్నటి ఉప్పు పలుకులు మెరుస్తుంటాయి. వేళ్లతో లోపలికి వచ్చిన ఉప్పుని ఆ చెట్టు ఆకుల్లోంచి బయటికి నెట్టేస్తుంది.

పొద్దు వాలాక నీటికాకులు, తెల్లకొంగలు బారులు బారులుగా గూటికి వస్తాయి. అదే వేళకి రాత్రి కొంగలు వేటకి బయల్దేరతాయి. నీటికుక్కలు అదృష్టముంటే కనిపిస్తాయి. బావురుపిల్లి మీద ఆశ పెట్టుకోకండి, అది రాత్రి తిరిగేది.

నేను బతిమాలి చెప్పేది ఒకటుంది. పక్షులు వాలిన చెట్టు దగ్గరికి పడవ తోలమని అడక్కండి. ఫొటో కోసం వాటిని లేపే పడవలంటే నాకు కడుపు మండిపోతుంది. చీకటి పడుతుండగా లేచిన పక్షి మళ్లీ చోటు వెతుక్కోవాలి. గూళ్ల కాలమైతే గుడ్లు, పిల్లలు కాకుల పాలవుతాయి. కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లోని కరోనీ చిత్తడి నేలల్లో సాయంత్రం ఎర్ర కంకణాలనే పక్షులు గూటికి చేరే దృశ్యం కోసం ఎక్కడెక్కడి వాళ్లో వెళ్తారు. అక్కడ పడవలు దూరంగా ఆగిపోతాయి, అయినా ఎవరికీ ఏమీ తక్కువ కాదు. 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) ఒకటి ఉంటే చాలు, మసక వెలుతుర్లోనూ బాగా చూపిస్తుంది.

డబ్బు కట్టే ముందు పడవవాళ్లని అడగండి, గూళ్ల దగ్గర ఇంజిను ఆపుతారా, పాటలు పెట్టకుండా ఉంటారా అని. కాదంటే వేరే పడవ చూసుకోండి.