రిసెప్షన్ ఫోన్ నుంచి ఐఎస్‌డీ ఎందుకు వెళ్తోందంటే

గురూ, ఐఎస్‌డీ ఇద్దరు మేనేజర్లకే ఇచ్చాను, అయినా గాజువాక ఆఫీస్ రిసెప్షన్ నుంచి దుబాయ్‌కి కాల్స్ వెళ్ళిపోతున్నాయి అన్నావు కదా, నువ్వు పెట్టిన సెట్టింగ్స్ చూస్తే ఫ్రీపీబీఎక్స్‌లో (ఆఫీస్ ఫోన్లని నడిపే సాఫ్ట్‌వేర్) తప్పు ఐఎస్‌డీ రూట్‌లో (ఆ కాల్స్ బయటికి వెళ్ళే దారి) లేదు, ఎస్‌టీడీ రూట్‌లో ఉంది. అక్కడ డయల్ ప్యాటర్న్ (ఏ నంబర్లు ఆ రూట్‌లో వెళ్ళొచ్చో చెప్పే నమూనా) సున్నా, పక్కన చుక్క. చుక్క అంటే ఆ తర్వాత ఏ అంకెలు ఎన్నొచ్చినా ఓకే అని, ఇంకేముంది దుబాయ్ 00971 కూడా అందులోంచే దూరిపోద్ది. చుక్క తీసేసి సున్నా, ఒక జెడ్, తొమ్మిది ఎక్స్‌లు పెట్టు, ఎక్స్ అంటే ఏ అంకైనా, జెడ్ అంటే 1 నుంచి 9 వరకే కాబట్టి రెండో సున్నా దగ్గరే ఆగిపోద్ది, విశాఖ 0891 నంబర్లు మాత్రం మామూలుగా వెళ్తాయి.

ఐఎస్‌డీ రూట్‌లో 00 చుక్క అలాగే ఉంచి, ఆ వరసలోనే కాలర్ ఐడీ గడిలో మేనేజర్ ఎక్స్‌టెన్షన్ (ఆఫీస్ లోపలి ఫోన్ నంబర్) వెయ్యి, రెండో ఆయనకి ఇంకో వరస. పిన్ సెట్ (కాల్ కలవాలంటే కొట్టాల్సిన రహస్య నంబర్లు) కూడా పెట్టేయ్, లేకపోతే లంచ్ టైమ్‌లో ఎవడో ఆ సీట్లో కూర్చుని కొట్టేస్తాడు. మా సిరిపురం ఆఫీస్‌లో పిన్ పెట్టాక కూడా అదే అయింది, చూస్తే ఆ పిన్ మానిటర్‌కి పసుపు చీటీ మీద రాసి అంటించి ఉంది!

112, 108 రూట్ మాత్రం అందరికీ, పిన్ లేకుండా, అన్నిటికన్నా పైన ఉంచు. అప్లై కాన్ఫిగ్ నొక్కి, రిసెప్షన్ ఫోన్ నుంచే ఓసారి కొట్టి చూడు.