చిన్నపిల్లల టీచర్లకు వర్క్‌షాపు మంచిదా, కోచ్ మంచిదా?

మీ స్కూల్లో టీచర్ల శిక్షణకు వర్క్‌షాపులు పెట్టించాలా, తరగతికి వచ్చి చూసే కోచ్‌ని పెట్టుకోవాలా, రెండిట్లో ఒకటే తేల్చుకోమన్నారని అడిగారు. కోచ్‌నే పెట్టుకోండి. పదహారేళ్లుగా మూడు, నాలుగేళ్ల పిల్లలతో పనిచేస్తున్నాను. ఎన్ని వర్క్‌షాపులకు వెళ్లానో గుర్తులేదు. నన్ను మార్చింది మాత్రం ఎనిమిది నిమిషాల వీడియో.

అది నా ఉద్యోగంలో ఆరో ఏడు. మా దగ్గరికి ఒక కోచ్ వచ్చారు, ఆమె కూడా చాలాకాలం చిన్నపిల్లల టీచరే. ఓ మూల పిల్లల కుర్చీలో కూర్చుని ఫోన్‌లో వీడియో తీస్తుంటే నాకు లోపల ఒకటే టెన్షన్. ఆ రోజు గిన్నెడు నీళ్లలో రాయి, ఆకు, చెంచా వేయిస్తూ ఏది మునిగింది, ఏది తేలింది అని అడుగుతున్నాను. బాగా చెప్పాననే అనుకున్నాను. మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయాక ఆమె వీడియో పెట్టి, "మీ మాటలు వినకండి, ఆ నీలం చొక్కా బాబునే చూడండి" అన్నారు.

ఆ బాబు చేరి మూడు నెలలైనా తరగతిలో నోరు విప్పలేదు. "ఇంకా మాట్లాడటం లేదండీ" అని వాళ్లమ్మతో నేనే రెండుసార్లు చెప్పాను. వీడియోలో నేను "ఆకు ఎందుకు తేలింది?" అని అడగగానే బాబు తలెత్తాడు. పెదాలు కదిలాయి. సరిగ్గా అప్పుడే నేను "తేలిగ్గా ఉంది కదా, అందుకు!" అని జవాబు చెప్పేసి పక్క పాప వైపు తిరిగాను. వాడు నోరు మూసుకుని తల దించుకున్నాడు. ఎనిమిది నిమిషాల్లో ఇలా మూడుసార్లు జరిగింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె ఒక్క తప్పు కూడా ఎత్తి చూపలేదు. "రేపటి నుంచి ప్రశ్న వేశాక మనసులో అయిదు లెక్కపెట్టండి, ఇంకేమీ మార్చకండి" అన్నారు, అంతే.

అడిగాక ఆగాలన్నది నాకు అప్పటికే తెలుసు. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలోనే ఈ సంగతి చెప్పారు. టీచర్లు ప్రశ్న వేశాక ఒక్క సెకనే ఆగుతున్నారట. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయి, మౌనంగా ఉండిపోయేవాళ్లు తగ్గుతారు. ఇదంతా ఒక వర్క్‌షాపులో విని నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా. అయినా నా తరగతిలో ఆగింది లేదు.

నాలుగో రోజు అదే ప్రశ్న మళ్లీ అడిగి లెక్కపెడుతున్నాను. నాలుగు దగ్గర ఆ బాబు "పడవ" అన్నాడు. నేను కదల్లేదు, ఏడు దాకా లెక్కపెట్టాను. "ఆకు పడవ" అన్నాడు.

రెండు వందల మందిని హాల్లో కూర్చోబెట్టి, ఏడుస్తున్న పిల్లను ఒక్కరోజు కూడా ఒళ్లో కూర్చోబెట్టుకోని మనిషి చేత స్లైడ్లు చదివిస్తే టీచర్లు మారతారని ఎలా అనుకుంటారో నాకు అర్థం కాదు. చివర్లో సర్టిఫికెట్, ఫొటో. మర్నాడు తరగతిలో అంతా మామూలే.

కోచ్ పేరుతో ఇన్‌స్పెక్టర్‌ని పంపినా ఇంతే. తర్వాత నేను పనిచేసిన చోట కోచ్ రాసుకున్న నోట్సును యాజమాన్యం జీతాల పెంపుకు వాడింది. నెల తిరక్కుండానే అందరం కోచ్ వచ్చే రోజుకు ఒక పాఠం ముందే ప్రాక్టీస్ చేయించడం మొదలుపెట్టాం. పిల్లలకు కూడా జవాబులు కంఠతా వచ్చేశాయి. ఆ ఏడాది నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

2018లో 60 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశోధన కోచింగ్ వల్ల బోధన మెరుగుపడుతుందని తేల్చింది. ఎక్కువమంది టీచర్లతో నడిపిన చోట మాత్రం ఫలితం బాగా తగ్గింది. కాబట్టి ఒక్క కోచ్‌కు నలభై మందిని అప్పగిస్తామంటే ఒప్పుకోకండి.

యాజమాన్యాన్ని ఇంకో రెండు అడగండి. కోచ్‌తో మాట్లాడే అరగంట మీ పిల్లలను వేరే టీచర్ చూసుకోవాలి. నిద్రపోతున్న పిల్లల మీద ఒక కన్నేసి ఉంచి ఏం మాట్లాడతాం? ఇక వీడియో తీసే ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, ఆ వీడియో మీ దగ్గరే ఉండాలి.

కోచ్ దొరికేలోపు ఫోన్‌ను షెల్ఫ్ మీద పెట్టి మీరే ఎనిమిది నిమిషాలు తీసుకోండి. చూసేటప్పుడు మీ వంక చూసుకోకండి. మీ తరగతిలో అసలు మాట్లాడని పిల్లనో పిల్లాణ్నో ఒకరిని ఎంచుకుని ఆ ముఖమే చూడండి.