మంట ఆరింది సరే, వైరింగ్ సంగతి చూడు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

గుత్తి దగ్గర నీ పికప్ బానెట్ కింద మంట లేచిందని, నీకేమీ కాలేదని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఆరినాక సెల్ఫ్ కొడితే స్టార్ట్ కూడా అయిందంట కదా! దానికి మురిసిపోవద్దు. డీజిల్ ఇంజన్ మొండిది, అంత సులభంగా చావదు. చచ్చేది వైరింగ్. హారన్ నొక్కితే హెడ్‌లైట్ మసకబారడం, ఇండికేటర్ వేస్తే డాష్‌బోర్డులో సంబంధం లేని లైట్లు వెలగడం, తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోవడం, ఇవన్నీ ఆ మంట మిగిల్చినవే.

ముందు బ్యాటరీ నెగిటివ్ వైరు ఊడదీసి పక్కన పెట్టు. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పి, సర్వేయర్ చూసిపోయేదాకా ఒక్క నట్టు కూడా విప్పనీయొద్దు, ఫొటోలు మాత్రం తీసి పెట్టుకో. నీది ఫుల్ ఇన్సూరెన్స్ అయితేనే ఇదంతా. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే సొంత బండికి పైసా రాదు.

సర్వేయర్ పోయినాక మొదటి పని ఆ పొడి. మంట ఆర్పే సిలిండర్ నుంచి కొట్టిన పొడి చెమ్మ తగిలితే కనెక్టర్లను, టెర్మినళ్లను తినేస్తుంది. చాలామంది దీన్ని పట్టించుకోరు, రెండు నెలలకు కొత్త జబ్బులు మొదలైనాక తల పట్టుకుంటారు. నీళ్లు కొట్టి కడగొద్దు. గాలి కొట్టించు, బ్రష్‌తో రాలగొట్టు, ప్రతి కనెక్టరూ విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొట్టించు.

తర్వాత వైర్లు. మెకానిక్ కాలిన ముక్క కత్తిరించి, ముడేసి, టేప్ చుడతానంటాడు. ఒప్పుకోవద్దు. కంటికి నల్లగా కనపడేది జానెడే, వేడి తగిలింది మూరెడు. మంచిదనిపించే చోట వైరును వేళ్ల మధ్య వంచి చూడు, పైతోలు పెళుసుగా చిట్లితే అది పనికిరాదు. బ్లేడుతో కొంచెం గీకు. రాగి ఎర్రగా మెరవాలి. నల్లబడి ఉంటే ఇంకా వెనక్కి పోయి, మెరిసే రాగి దొరికిన చోట కత్తిరించాలి. మంట ఇంజన్ గదిలోనే ఉంటే ఆ భాగం వైరింగ్ మొత్తం మార్పించడమే మేలు. డబ్బు పోతుంది, ఏం చేస్తాం. డీజిల్ రబ్బరు పైపులు, వాటి క్లిప్పులు కూడా అప్పుడే కొత్తవి వేయించు. ఈ పని కాకుండా స్టార్ట్ చేయొద్దు.

లైట్లు చేసే తిక్క పనులకు నాకు ఎర్త్ మీదే అనుమానం. ఇంజన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ పట్టీ కాలిపోతే కరెంటు తిరిగి రావడానికి దొడ్డిదారులు వెతుక్కుంటుంది. మల్టీమీటర్ ఒక ముల్లు బ్యాటరీ నెగిటివ్ మీద, ఇంకోటి ఇంజన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించు. అర వోల్ట్ దాటితే ఎర్త్ బాగాలేదని అర్థం. పట్టీ మార్చి, బిగించే చోట పెయింట్ గీకించు. బండి నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద 14 వోల్టుల అటూ ఇటూ ఉండాలి. 15 దాటితే ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) రెగ్యులేటర్ పోయినట్టే.

రాత్రిపూట బ్యాటరీ దిగేదానికి, అన్నీ ఆపి, నెగిటివ్ వైరు ఊడదీసి, ఆ వైరుకూ బ్యాటరీ నెగిటివ్‌కూ మధ్యలో మీటరును ఆంప్స్ మీద పెట్టు. 50 మిల్లీ ఆంప్స్ కంటే ఎక్కువ లాగుతుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పో. ఏది పీకితే అంకె పడిపోతుందో దొంగ ఆ లైనులోనే ఉన్నాడు. మీటరు అట్లా ఉన్నప్పుడు మాత్రం సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు కాలిపోతుంది.

ఇంకోసారి పొగ వస్తే ఇంజన్ ఆపి కిందికి దిగు, బానెట్ పూర్తిగా ఎత్తొద్దు, గాలి తగిలి మంట లేస్తుంది. సందులో నుంచే పొడి కొట్టు. ఆరకపోతే దూరంగా వచ్చి 101కు ఫోన్ చెయ్యి, హైవే మీదైతే 1033 కూడా ఉంది.

ఇంతకీ మంట ఎందుకొచ్చిందో తేల్చకుండా రిపేరు చేయిస్తే మళ్లీ అదే కథ. శెనక్కాయల గోడౌన్ పక్కన బండి పెడతావు కదా, ఎలుకలు కొరికినాయేమో పైతోలు మీద పళ్ల గాట్లు చూడు. ఎలుకల కంటే నాకు నీ ఫాగ్ లైట్ల మీదే ఎక్కువ అనుమానం. బ్యాటరీ నుంచి నేరుగా లాగిన వైరు రేకు అంచుకు ఒరుసుకుని షార్ట్ అయి ఉంటుంది, మధ్యలో ఫ్యూజ్ లేదు కాబట్టి వైరే మండింది. లైట్లు మళ్లీ కావాలంటే పెట్టుకో, కానీ రిలే (స్విచ్ మీద భారం పడకుండా లైట్ల కరెంటును కలిపే చిన్న డబ్బా) వేయించు, బ్యాటరీకి ఆనుకునే ఫ్యూజ్ పెట్టించు, రేకు దాటే చోట రబ్బరు బుష్ వేయమను.

ఇట్లు,
మీ మామ, అనంతపురం