గోడకు నీళ్లెక్కడివి? బాడుగ ఇళ్లలో నెమ్ము, బూజు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కర్నూలు, కడప, అనంతపురం నుంచి వచ్చిన ప్రశ్నల్లో బాడుగ ఇళ్ల నెమ్ము గురించినవి ఈసారి ఒకచోట చేర్చాం. అందరూ అడిగింది ఏ రంగు వేయాలి, ఏ మందు కొట్టాలి అనే. మేం మాత్రం ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకమంటాం. అది తేలకుండా గోడ మీద పెట్టే ప్రతి రూపాయీ పెచ్చులుగా రాలిపోతుంది.

*ప్రశ్న: కర్నూలు బుధవారపేటలో పాత రాతి ఇంట్లో కింది భాగంలో బాడుగకు ఉన్నాం. ముందు గదిలో గోడ నేల నుంచి తొడ ఎత్తు దాకా నెమ్ము పట్టి, తెల్లటి పొడి రాలుతోంది. రంగు వేయించినా నాలుగు నెలలకే ఊడింది. అడిగితే ఇంటి ఓనరు ‘ఇది 2009 వరదలో మునిగిన ఇల్లమ్మా, ఆ తడి ఇంకా పోలేదు’ అంటున్నారు. నిజమేనా?*

జవాబు: కాదమ్మా. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊళ్లోకి వచ్చిన నీళ్లు ఇన్నేళ్లు గోడలో నిలవవు. నీళ్లు అందడం ఆగిపోయాక తడిసిన గోడ అంగుళం మందానికి ఒక నెల చొప్పున ఆరుతుందని కట్టుబడి పనిలో ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన అడుగున్నర మందం గోడైనా ఏడాదిన్నరలో ఆరిపోవాలి. ఈరోజు గోడ తడిగా ఉందంటే ఈరోజే ఎక్కడి నుంచో నీళ్లు తాగుతోంది.

అయితే ఆయన మాటలో కొంత నిజం ఉండొచ్చు. వరద నీళ్లు, కాలవ నీళ్లు వదిలేసిన ఉప్పు గోడలోనే ఉండిపోతుంది. కొన్ని రకాల ఉప్పులు గాలిలో తేమను కూడా లాక్కుంటాయి. ముసురు పట్టిన రోజు మరక నల్లబడి, ఎండ కాయగానే పాలిపోతుంటే ఆ ఉప్పు పనే. ఎండాకాలంలో కూడా మరక తగ్గకపోతే కింద నుంచి నీళ్లు ఎక్కుతున్నట్టు.

నేల దగ్గర మొదలై నడుము లోపల ఒక వంకర గీతతో ఆగే నెమ్ము దాదాపు ఎప్పుడూ పునాది నుంచి వచ్చేదే. దీపపు వత్తి నూనెను పీల్చినట్టు రాళ్ల మధ్య ఉన్న మట్టీ సున్నం నీళ్లను పైకి లాగుతాయి. ఇప్పటి ఇళ్లకు బేస్‌మెంట్ మీద తడి ఎక్కకుండా డీపీసీ అని ఒక కాంక్రీటు పట్టీ వేస్తారు. పాత మిద్దెలకు అది ఉండదు. నీళ్లు గోడ ముఖానికి వచ్చి ఆవిరైపోతాయి, వాటిలోని ఉప్పు మాత్రం గార వెనక గడ్డకట్టి ఉబ్బుతుంది. మీ రంగును తోసేసింది ఆ ఉప్పే.

ముందు ఆ పొడి ఏమిటో తేల్చుకోండి. చిటికెడు పొడి స్టీలు గరిటెలో వేసి నాలుగు చుక్కల నీళ్లు పోయండి. కరిగిపోతే ఉప్పు. అడుగున ఇసుకలా మిగిలితే గార పొడి. నూగులా తేలుతూ, వేలితో రుద్దితే జిడ్డుగా సాగితే బూజు. ఇక్కడ పొరపడితే పని చెడుతుంది. ఉప్పును పొడి బ్రష్‌తోనే తీయాలి, బూజును పొడి బ్రష్‌తో తాకకూడదు. ఉప్పు పట్టిన గోడను నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. కింద పేపరు పరిచి, గట్టి బ్రష్‌తో దులిపి, రాలింది బయట పారేయండి. వారానికోసారి చేస్తే ఒకటి రెండు నెలల్లో రాలడం తగ్గడం కనిపిస్తుంది.

తర్వాత గడప దాటి బయట నిలబడి చూడండి. పాత వీధుల్లో సీసీ రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో ఇంటి నేల వీధికన్నా పల్లానికి వెళ్లిపోతుంది. గోడకు ఆనుకున్న మట్టిగానీ బండలుగానీ లోపలి నేలకన్నా కనీసం 6 అంగుళాలు కిందికి ఉండాలి. అలా లేకపోతే మిగతా వైద్యమంతా వృథా. గోడవారన కాలవ పగిలిందా, నీళ్ల తొట్టి కారుతోందా, బట్టలుతికే బండ నీళ్లు గోడ మొదట్లోకి పోతున్నాయా అన్నవీ చూడండి.

ఆ గోడకు ఆయిల్ పెయింట్, టైల్స్, ప్లాస్టిక్ షీటు మాత్రం వద్దు. ఆరే దారి మూసేస్తే నీళ్లు ఇంకా పైకి ఎక్కి, ఈరోజు తొడ ఎత్తున ఉన్న గీత రేపు కిటికీ దాకా వస్తుంది. ఓనరు చేయించాల్సిన పని ఇది: బయటి మట్టి దించడం, మరక ఆగిన చోటికి ఇంకో అడుగు పైదాకా గార చెక్కించడం, ఒక ఎండాకాలం గోడను అలాగే వదిలేయడం, తర్వాత ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుకతో గార చేయించి సున్నం కొట్టించడం. సిమెంటు గార గట్టిగా కనిపిస్తుంది కానీ పాత మట్టి, సున్నపు గోడను ఊపిరాడనివ్వదు. నేలకు కాస్త పైన నాలుగైదు అంగుళాలకో రంధ్రం వేసి మందు ఎక్కించే పద్ధతి ఒకటి ఉంది. ఇటుక గోడకు అది పనికొస్తుంది. మట్టితో పేర్చిన రాతిగోడలో మందు ఏ సందులోకి పోతుందో చెప్పలేం కాబట్టి ముందే దానికి డబ్బు పెట్టించకండి.

*ప్రశ్న: మాది అనంతపురం సాయినగర్, మొదటి అంతస్తు. వానే పడని ఊళ్లో, అదీ నడి ఎండాకాలంలో బీరువా వెనక గోడకు నల్లటి బూజు వచ్చింది. లోపల పట్టుచీరలు, తోలు బెల్టులు ముక్క వాసన వస్తున్నాయి. పైన మిద్దె ఉరవడం లేదు, పైపులూ లేవు. ఎక్కడిదీ తడి?*

జవాబు: మీరు ప్రశ్నలో రాయలేదు కానీ, ఆ గదిలో కూలరు ఉంటుందని అనుకుంటున్నాం. 50 లీటర్ల తొట్టి తెల్లారేసరికి ఖాళీ అయిందంటే ఆ 50 లీటర్లూ ఆవిరై మీ గదిలోకే వచ్చాయి. తలుపులూ కిటికీలూ బిగించి పడుకుంటే ఆ తేమకు బయటికి పోయే దారి లేదు. గాలి ఆడని చోట, అంటే బీరువా వెనక, మంచం కింద, కడప బండల అల్మారా మూలల్లో చేరి కూర్చుంటుంది.

అనుమానం తీరాలంటే చిన్న పరీక్ష ఉంది. బీరువా పక్కకు జరిపి, గోడ మీద శుభ్రంగా ఉన్న చోట అడుగు చదరం పారదర్శక ప్లాస్టిక్ కవరు పెట్టి నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించండి. రెండు రోజులు ఆగి చూడండి. కవరు మీద, గదివైపు చెమ్మ ఉంటే తేమ గదిలోని గాలిది. కవరు కింద, గోడవైపు చుక్కలుంటే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు; అప్పుడు పై జవాబు, కింది జవాబు చదవండి.

కూలరును కిటికీకి బయట, ఎండ తగలని చోట పెట్టి బయటి గాలి లాగేలా చేయండి. ఎదురుగా ఉన్న కిటికీనో తలుపునో జానెడు తెరిచి ఉంచండి. చల్లదనం పోతుందని చాలామంది మూసేస్తారు. నిజానికి లోపలి తడిగాలి బయటికి పోతేనే కూలరు చల్లబరుస్తుంది. మూసిన గదిలో అర్ధరాత్రి దాటాక జిగట పట్టేది అందుకే. తెల్లవారుజామున పంపు ఆపి అరగంట ఫ్యాను మాత్రం తిప్పితే గడ్డి ఆరుతుంది, వాసనా రాదు. వారానికోసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేసి రుద్ది ఆరబెట్టండి. దోమలు గుడ్లు పెట్టేదీ అక్కడే.

గాలిలో తేమ చూపే చిన్న మీటరు కొని బీరువా పక్కన పెట్టుకోండి. అంకె 60 దాటి రోజులకు రోజులు నిలిచిందంటే బూజుకు అనువైన చోటు తయారైనట్టే. బీరువా గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉంచండి, వీలైతే బయటి గోడకు కాక లోపలి గోడకు పెట్టండి. పట్టుచీరలను నీడలో గాలికి ఆరేసి, మడతలు మార్చి పెట్టండి. కలరా ఉండలు పురుగుకే, తేమకు కాదు.

*ప్రశ్న: కడప చిన్నచౌకులో అపార్ట్‌మెంటు మూడో అంతస్తు. హాలు గోడకు అవతల బాత్రూము. ఆ గోడ కాలంతో పని లేకుండా రోజూ తడే. అదే గోడకున్న స్విచ్ బోర్డు తాకితే చురుక్కుమంటోంది.*

జవాబు: ఈ జవాబు చదువుతూనే ఆ బోర్డుకు పోయే ఎంసీబీ (మెయిన్ బోర్డులోని స్విచ్) ఆపేయండి. బూజు పదిరోజులు ఆగుతుంది, ఇది ఆగదు. ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేయకండి, పిల్లల్ని ఆ గోడ దగ్గరికి పోనివ్వకండి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించమని ఓనరును ఈ వారమే అడగండి.

కాలంతో పని లేని తడి పైపుదో, బాత్రూము నేలదో అయి ఉంటుంది. రెంటినీ విడదీయాలి. రాత్రి పడుకునేముందు కుళాయిలన్నీ కట్టి, మీ ఇంటికి నీళ్లొచ్చే వాల్వు మూసేయండి. ఉదయం ఒక్క కుళాయీ తిప్పకుండా వాల్వు తెరిచి చెవి పెట్టండి. పైపులోకి నీళ్లు పరుగెత్తే చప్పుడు వినిపిస్తే రాత్రి ఎక్కడో ఖాళీ అయ్యాయన్నమాట. గోడలోని పైపు కారుతోంది.

చప్పుడు లేకపోతే నేలను పరీక్షించండి. నీళ్లు పోయే జాలీలో పాలిథిన్ కవరు చుట్టిన గుడ్డ గట్టిగా కుక్కి, అంగుళం ఎత్తున నీళ్లు నింపి, గోడ టైలు మీద పెన్సిలుతో గీత పెట్టండి. ఒక రోజు ఆ బాత్రూము వాడకండి. నీళ్లు గీత కిందికి బాగా దిగితే, లేదా కింది ఇంటివాళ్ల కప్పుకు కొత్త చెమ్మ కనిపిస్తే, నేలే కారుతోంది. ముందే వాళ్లకు ఒక మాట చెప్పి మొదలుపెట్టండి. టైళ్ల సందులు, జాలీ చుట్టూ, కమోడు మొదలు ఎక్కువగా కారే చోట్లు. సందులు తోడి మళ్లీ గ్రౌటు నింపితే చాలాసార్లు ఆగుతుంది. ఆగకపోతే టైళ్లు లేపాల్సిందే. ఈ రెండు పరీక్షల్లోనూ ఏమీ తేలకపోతే మీ పై ఇంటి బాత్రూములో ఇవే చేయించండి.

*ప్రశ్న: బ్లీచింగ్ పౌడర్లో బాత్రూం యాసిడ్ కలిపి కొడితే బూజు పోతుందని పక్కింటి అక్క చెప్పింది. చేయొచ్చా?*

జవాబు: వద్దు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గాలి పుడుతుంది. తలుపు మూసిన బాత్రూములో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. పైగా కడప బండ, బేతంచెర్ల బండ సున్నపురాళ్లు. యాసిడ్ పడితే పొంగి నునుపు పోతుంది. వెనిగరూ అంతే.

మూడడుగులు పొడవు, మూడడుగులు వెడల్పు లోపు బూజైతే మీరే తీయొచ్చు. ఎన్95 మాస్కు, రబ్బరు గ్లౌజులు వేసుకుని కిటికీలు తెరవండి. ఫ్యాను ఆపేయండి, లేకుంటే బూజు పొడి ఇల్లంతా పడుతుంది. సబ్బునీళ్లలో తడిపి పిండిన గుడ్డతో అంచు నుంచి లోపలికి తుడవండి, గుడ్డ మారుస్తూ ఉండండి. వాడిన గుడ్డలు కవరులో కట్టి పారేయండి. తుడిచాక ఫ్యాను పెట్టి అదే రోజు గోడను ఆరబెట్టండి. ఆయాసం ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ పని చేయకూడదు, పసిపిల్లలు ఆ గదిలో ఉండకూడదు. అంతకన్నా ఎక్కువ గోడకు పట్టి ఉంటే గార మార్చే పని ఓనరుది.

*ప్రశ్న: 11 నెలల అగ్రిమెంటు. ఖాళీ చేస్తామంటే ‘గోడలు పాడు చేశారు’ అని అడ్వాన్సులో కోత పెడతామంటున్నారు. చట్టం ఏం చెబుతుంది?*

జవాబు: 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతే, బాడుగదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి. కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదల మీ ఖాతాలో పడదు. కూలరు తేమ వల్ల వచ్చిన బూజైతే వాదన ఉంటుంది. పునాది నెమ్ముకు, గోడలోని పైపుకు మీరు బాధ్యులు కారు.

అదే సెక్షన్లో ఇంకో మాట ఉంది. ఓనరు చేయించాల్సిన రిపేరును నోటీసిచ్చాక తగిన సమయంలో చేయించకపోతే బాడుగదారే చేయించి ఖర్చును బాడుగలో మినహాయించుకోవచ్చు. ఇక్కడ ‘చేయించాల్సిన’ అన్నదే కీలకం. ఫలానా రిపేరు ఓనరుదని అగ్రిమెంటులో లేకపోతే అసలు తన బాధ్యతే కాదని ఆయన వాదించవచ్చు. అందుకే సంతకానికి ముందే ఒక వాక్యం రాయించుకోండి: ‘పైకప్పు, గోడలు, పునాది, గోడలోని పైపులు, వైరింగు రిపేర్లు యజమాని ఖర్చుతో, తెలియజేసిన 15 రోజుల్లోగా చేయించాలి.’

ఇప్పుడు మీ చేతిలో ఉండాల్సింది రుజువు. మొదటిసారి నెమ్ము చూసిన రోజు నుంచి ఓనరుకు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చెరపకండి. లేకుంటే ఈరోజే మొదలుపెట్టి, స్కేలు పక్కన పెట్టి అదే చోటును వారానికోసారి తీయండి. తర్వాత ఎప్పటి నుంచి, ఏ గోడ, ఎంత ఎత్తు, ఏం చేయించమని అడిగారు అన్నది ఒక పేజీలో రాసి, చేరినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. కోపంతో బాడుగ కట్టడం మాత్రం ఆపకండి. తగాదా అసలు విషయం వదిలి బకాయి మీదికి పోతుంది. అప్పటికీ తేలకపోతే జిల్లా కోర్టు దగ్గరుండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ ఇవ్వండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఇంట్లో ఆడవాళ్ల పేరున అగ్రిమెంటు ఉంటే వాళ్లే వెళ్లొచ్చు.

మారబోయే ఇంటిని పట్టపగలు చూడండి. గోడ కింది మూడడుగులకే కొత్త రంగు కనిపిస్తే ఎందుకని అడగండి. మూసి ఉన్న అల్మారా తెరవగానే తల లోపల పెట్టి వాసన చూడండి.